తిరిగి వచ్చి తీర్చెదనన్న మాట

ఒక్క నిమిషం తార్నాక చౌరస్తాలో నిలబడినట్టు ఊహించుకోండి. అక్కడినుండి ఉస్మానియా విశ్వవిద్యాలయం కూతవేటు దూరం. 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనాన్ని చూడటానికి ఊరుగాని ఊరినుండి ఎందరో వస్తారు. వారిలో ఒకరు ఈ రోడ్డుమీద పడిపోతే? దగ్గరలో ఆర్టీసీ ఆస్పత్రి ఉంది గాని, ఆ సంస్థ దాన్ని తన ఉద్యోగుల కోసం కట్టుకున్నది. దారిన పోయేవానికి దిక్కెవరు?

ప్రభువు చెప్పిన ఉపమానంలో సమరయుడు గాయపడినవానిని పూటకూళ్ల ఇంటికి చేర్చి, రెండు దేనారములిచ్చి, ఇంకేమైనా ఖర్చయితే తిరిగి వచ్చి తీరుస్తానన్నాడు. గమనించండి, సేవ చేసేవాడు ఒకడు, ఖర్చు భరించేవాడు మరొకడు. ప్రభుత్వమూ ప్రైవేటువారూ కలిసి మన మధ్య చేసిన ఏర్పాటు కూడా ఇటువంటిదే.

2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. నడిపింది ఈ.ఎం.ఆర్.ఐ. అనే ప్రైవేటు సంస్థ. తరువాత ఖర్చులో ఎక్కువ భాగం ప్రభుత్వమే భరించింది. 2009లో సత్యం కుంభకోణం బయటపడి యాజమాన్యం మారినా బండ్లు ఆగలేదు. 2007 ఏప్రిల్ 1న ఉమ్మడి రాష్ట్రంలోని మూడు జిల్లాల్లో ఆరోగ్యశ్రీ వచ్చింది. చికిత్స ప్రైవేటు ఆస్పత్రిలోనైనా బిల్లు ప్రభుత్వానిది.

అయితే ఒక తేడా చూడండి. 108 మీ ఊరేదని అడగదు. ఆరోగ్యశ్రీ మాత్రం ఈ రాష్ట్రపు పేద కుటుంబాలకే. పొరుగు రాష్ట్రపు యాత్రికుడు ఆస్పత్రి గుమ్మం దాకా ఉచితంగా వస్తాడు, గుమ్మం దగ్గర డబ్బు ప్రశ్న ఎదురవుతుంది. ప్రాణాపాయంలో ఉన్నవానికి ఏ వైద్యుడైనా ముందు చికిత్స చేయవలసిందేనని 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఖర్చు ఎవరిస్తారు? 2025 మే నెలలో కేంద్రం కొంత జవాబిచ్చింది. రోడ్డు ప్రమాద బాధితుడు ఏ ఊరివాడైనా, గుర్తింపు పొందిన ఆస్పత్రిలో 7 రోజులవరకు లక్షన్నర రూపాయల చికిత్స ఉచితం. గుండెపోటుతో పడినవానికి మాత్రం ఇది వర్తించదు.

అదే 2025లో, బకాయిలు అందలేదని తెలంగాణలో ప్రైవేటు ఆస్పత్రులు ఆరోగ్యశ్రీ సేవలు ఆపివేశాయి. ప్రియులారా, సమరయుడు తిరిగి రాకపోతే పూటకూళ్లవాడు ఎన్నాళ్లు తలుపు తెరిచి ఉంచగలడు? ఒప్పందం కాగితంమీద ఎంత గొప్పదైనా, దాని ప్రాణమంతా చెల్లిస్తానన్న ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆ మాట నిలబెట్టమని పాలకులను అడగడం మన పని. రేపు పరాయి ఊరి రోడ్డుమీద పడిపోయే బాటసారి మనలో ఒకరే కావచ్చు.