అడిగితే చెప్పేవాళ్లు ఉండేవారు

నెలకో దినుసు అనుకుందాం, ఎవరి వంటింట్లో వాళ్లు దాంతో ఏదో ఒకటి వండి రాద్దాం, అన్నీ ఒకచోట చేరుద్దాం. 2006 వేసవిలో ఇందిర సింగారి గారు తోటి వంటల బ్లాగర్లని పిలిచిన పిలుపు ఇదే. ఆవిడ నంద్యాల ఆడపడుచు. అమెరికాలో ఉంటూ, సొంతూరి పక్కనున్న క్షేత్రం పేరే తన బ్లాగుకి ‘మహానంది’ అని పెట్టుకున్నారు. ఈ నెలనెలా వంటకి ‘జిహ్వ’ అని పేరు పెట్టారు. మొదటి దినుసు మామిడి. తర్వాత పాలు, ఆపైన పిండి, ఆపైన పప్పులు.

నెల మారితే పెద్దరికం మారేది. ఆ నెల ఎవరి వంతైతే వాళ్లు వచ్చిన ప్రతి టపా చదివి, వండినావిడ పేరు చెప్పి, వంట గురించి రెండు మంచి మాటలు రాసి, ఆవిడ ఇంటికి దారి చూపించేవారు. నిన్నగాక మొన్న బ్లాగు తెరిచిన కొత్త పెళ్లికూతురికీ, ఎన్నో ఏళ్లుగా వండుతున్న పెద్దావిడకీ ఒకే పంక్తిలో విస్తరి. దీనికి ఎవరూ ఎవరికీ డబ్బివ్వలేదు. అంత పనీ రాత్రి అంట్లు తోమి, పిల్లల్ని పడుకోబెట్టాక చేసుకున్నదే.

ఆ పంక్తి లేచిపోయింది. నేను చెప్పబోయేది అది ఎలా లేచిపోయిందన్న కథ. దానికి ముందు మా తార్‌బహార్ సంగతి కొంత చెప్పాలి. ఎందుకంటే మేం ఇక్కడ ఇలాంటి చెదిరిపోవడం అంతకుముందే ఒకసారి చూశాం.

తార్‌బహార్ బిలాస్‌పూర్ స్టేషన్‌కి కూతవేటు దూరంలో ఉన్న పేట. 1887లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పుట్టింది. మరో నాలుగేళ్లకి దాని పెద్ద లైను నాగ్‌పూర్ నుంచి ఈ ఊరి మీదుగా అసన్‌సోల్ దాకా పడింది. ఆ కంపెనీ పట్టాలు అటు వాల్తేరు దాకా సాగాక శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ పల్లెల నుంచి ఖలాసీలుగా, ఫైర్‌మన్‌లుగా, గుమాస్తాలుగా తెలుగువాళ్లు వచ్చారు. 1931లో రాయ్‌పూర్–విజయనగరం లైను కలిశాక రాకపోకలు ఇంకా సులువయ్యాయి. మా ఇళ్లలో మాట తెలుగు, బడి హిందీ. ఆవకాయ జాడీ మాత్రం ఈనాటికీ విశాఖ నుంచి కోర్బా వచ్చే లింక్ ఎక్స్‌ప్రెస్‌లో సీటు కింద కూర్చుని వస్తుంది.

రైల్వే క్వార్టర్లలో వంట నేర్పడానికి బడులుండేవి కావు. ఒకరింట్లో మాగాయ వేస్తున్నారంటే పక్క క్వార్టర్ కొత్త కోడలు ముక్కలు తరగడానికి వెళ్లేది. అంతే, అదే చదువు. ఖరగ్‌పూర్ నుంచి బదిలీ మీద వచ్చినావిడ బెంగాలీ పోపు తెచ్చేది, డోంగర్‌గఢ్ నుంచి వచ్చినావిడ ఇంకేదో తెచ్చేది. బొబ్బిలి వైపు పెద్దమ్మలు తరవాణి కుండ చూపిస్తే, ఛత్తీస్‌గఢీ పొరుగమ్మ తన బోరే బాసీ గిన్నె చూపించేది. రెండూ నీళ్లలో రాత్రంతా నానిన అన్నమే. తర్వాత పెద్దవాళ్లు ఒక్కొక్కరే రిటైరయ్యారు. క్వార్టర్ ఖాళీ చేసి కొందరు విశాఖ వెళ్లారు, కొందరు రాయ్‌పూర్‌లో కొడుకుల దగ్గరికి. 2003లో బిలాస్‌పూర్ సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వేకి ముఖ్య కేంద్రమైంది, ఊరు పెరిగింది. కానీ ఉప్పెంత, కారమెంత అని అడగడానికి గోడ పక్కన మనిషి లేకుండా పోయింది.

ఆ ఖాళీలోకి వచ్చారు ఈ బ్లాగుల అక్కలు.

నేను కంద గురించి అడిగాను. ఇక్కడ దాన్ని జిమీకంద్ అంటారు. దీపావళి ముందు బుధవారీ బజార్లో గుట్టలు పోస్తారు. మా ఇంట్లో కంద బచ్చలి అంటే ప్రాణం, గొంతు దురదంటే భయం. ఒక బ్లాగులో కంద కూర కింద, ఈ దురద ఎందుకొస్తుంది, పోవాలంటే ఏం చెయ్యాలి అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. మర్నాటికి ఆవిడ జవాబు ఆ టపా కన్నా పొడుగు. కందలో కంటికి కనపడని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయట. అవి గుచ్చుకోవడమే దురద. చేతికి నూనె రాసుకుని, తడి తగలనివ్వకుండా, చెక్కు మందంగా తియ్యమన్నారు. ముక్కలు చింతపండు రసంలో ఉడికించమన్నారు. లేత కంద కన్నా ముదిరి, నిలవ ఉన్న కంద నయం అన్నారు. చివర్లో ఒక ప్రశ్న: మీ ఊళ్లో వాళ్లెలా వండుతారండీ?

పుల్లటి పెరుగుతో పులుసు పెడతారని రాశాను. నెల తిరక్కుండా ఆవిడ అది వండారు, ఫోటో తీశారు, ‘బిలాస్‌పూర్ తార్‌బహార్ నుంచి ఒక చెల్లెలు చెప్పింది’ అని పైన రాసి మరీ పెట్టారు. ఆవిడెవరో నేను చూడలేదు. వంట నేర్చుకోవడానికి వెళ్లిన నన్ను, నేర్పినదానిగా, నా పేట పేరుతో ఆవిడ లోకానికి చెప్పారు. తార్‌బహార్ అన్న మాట వంట గురించిన రాతలో కనపడడం నాకు తెలిసి అదే మొదలు.

ఆ రోజుల్లో మర్యాద అది. ఎవరి దగ్గర నేర్చుకున్నామో ముందు చెప్పాలి, తర్వాతే గరిటె పట్టాలి. విశాఖ నుంచి శైలజ గారు ‘సైలూస్ ఫుడ్’లో ఆంధ్ర వంట కొలతలతో సహా రాసేవారు. చెన్నైలో ఉండే శ్రీవల్లి గారు ‘బ్లాగింగ్ మారథాన్’ అని పెట్టి, ఏళ్ల తరబడి ఇల్లాళ్లని కూడగట్టి, వరసగా రోజూ రాయించారు. మానేద్దామనుకున్నవాళ్ల చేత కూడా కలం పట్టించిన ఓపిక ఆవిడది. హైదరాబాద్‌లో జ్యోతి వలబోజు గారు ‘షడ్రుచులు’ పేరుతో తెలుగులోనే రాశారు. వీవెన్ గారి ‘లేఖిని’ రాకపోతే నాలాంటి వాళ్లకి కంప్యూటర్లో తెలుగు అక్షరం ఎలా పడుతుందో కూడా తెలిసేది కాదు. ఫోటో కిటికీ పక్క వెలుతురులో తియ్యండి, ఫ్లాష్ వద్దు. గిన్నెడు అంటే ఎంత గిన్నో చెప్పండి. తడబడి రాసినా పర్లేదు, మీ అమ్మ ఎలా చెప్పిందో అలాగే రాయండి. ఇవన్నీ తెలిసినవాళ్లు తెలియనివాళ్లకి ఊరికే చెప్పిన మాటలు.

ఇది మనకి కొత్తేం కాదు. మాలతీ చందూర్ గారు ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో ‘ప్రమదావనం’ శీర్షికని నాలుగు దశాబ్దాలకు పైగా నడిపారు. ఊరూ పేరూ తెలియని ఆడవాళ్లు ఉత్తరాలు రాస్తే అమ్మలా జవాబిచ్చారు. ‘వంటలు–పిండివంటలు’ పుస్తకం కాపురానికి వెళ్లే పిల్ల పెట్టెలో చీరల మధ్య వెళ్లేది. ఆవిడ ఒక్కరు లక్షల మందికి చెప్పారు. ఈ బ్లాగుల కాలంలో వందల మంది ఒకరికొకరు చెప్పుకున్నారు.

దాతృత్వం కూరల దగ్గరే ఆగలేదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత, బ్యాంకాక్‌లో పుట్టి కాలిఫోర్నియాలో స్థిరపడ్డ పిమ్ అనే బ్లాగరి ‘మెనూ ఫర్ హోప్’ అనే విరాళాల సేకరణ మొదలుపెట్టింది. తర్వాతి ఏళ్లలో అందులో పోగైన డబ్బు ఐక్యరాజ్యసమితి ఆహార కార్యక్రమానికి చేరింది. 2008 జూన్‌లో ‘జుగల్‌బందీ’ బ్లాగు నడిపే జంట పసుపు రంగు వంటల ఫోటోలు పంపండని అడిగారు. కేన్సర్‌తో పోరాడుతున్న తోటి బ్లాగరి వైద్యానికి సాయం కూడగట్టడం కోసం అది. ‘అరుసువై’ అని ఇంకో గొలుసు ఉండేది. ఒకరు ఇంకొకరికి పేరు చెప్పకుండా ఒక దినుసు పోస్టులో పంపాలి. అందుకున్నావిడ వాసన చూసి, రుచి చూసి, అదేమిటో కనిపెట్టి వండాలి. ముఖం ఎరగని మనిషి పంపిన పొడిని నాలుక మీద వేసుకునేంత నమ్మకం ఒకప్పుడు ఉండేదంటే ఇప్పటి పిల్లలు నమ్ముతారా?

మొదటి దెబ్బ 2007లో తగిలింది. యాహూ ఇండియా మలయాళం పేజీల్లో ఒక మలయాళీ ఇల్లాలి బ్లాగు వంటలు ఆవిడ పేరు లేకుండా కనిపించాయి. ఆ సరుకు వాళ్లకి వేరే సంస్థ సమకూర్చింది. దినుసుల పట్టీకి చట్టంలో కాపీరైటు లేకపోవచ్చు, కానీ మనిషి రాసిన వాక్యం మనిషిదే. మార్చి 5న బ్లాగర్లంతా కలిసి నిరసన రాశారు. వాళ్లలో మలయాళం ముక్క రానివాళ్లెందరో! ఆ రోజు చూస్తే ఈ గుంపుని ఎవరూ కదపలేరనిపించింది.

ఆ తర్వాత దెబ్బలకి మాత్రం ఎదురుగా మనిషి లేడు. ఎవరి మీద నిరసన రాయాలి?

2011 ఫిబ్రవరిలో గూగుల్ వంటల కోసం వేరే వెతుకులాట పెట్టింది. వంటని యంత్రం చదివే పద్ధతిలో గుర్తులు పెట్టి రాసిన పేజీలకి అందులో చోటు. ఆ గుర్తులు పెద్ద సంస్థల దగ్గర జీతగాళ్లు పెట్టారు. ఇంట్లో దోసె పెనం మీద ఉండగా ఇవన్నీ ఎవరు పెడతారు? 2013 జూలై 1న గూగుల్ రీడర్ మూతపడింది. కొత్త టపా రాగానే చదివేవాళ్ల ముందు పెట్టే సాధనం అదే. అది పోయాక అక్కలు రాస్తూనే ఉన్నారు, చెల్లెళ్లకి తెలియడం మానేసింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది, డేటా చవకైంది, లోకం వీడియోల వైపు వెళ్లింది. తెనాలి వైపు మస్తానమ్మ గారు పొలంలో పొయ్యి పెట్టి వండుతుంటే నేనూ కళ్లార్పకుండా చూశాను, 2018 డిసెంబరులో ఆవిడ పోయినప్పుడు బాధపడ్డాను. వీడియోల మీద నాకు కోపం లేదు. వాటిని చూసి వండుకోవచ్చు. మీ ఊళ్లో ఎలా వండుతారని అవి నన్ను అడగవు.

మిగిలినవి కూడా కూలాయి. 2017లో ఫోటోబకెట్, తన దగ్గర దాచిన బొమ్మలు వేరేచోట కనపడాలంటే ఏడాదికి నాలుగు వందల డాలర్లు కట్టమంది. రాత్రికి రాత్రి లెక్కలేనన్ని పేజీల్లో బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు చదరం మిగిలింది. 2019లో ఫ్లికర్ ఉచితంగా దాచుకునే బొమ్మలకి వెయ్యి హద్దు పెట్టింది, మిగతావి తీసేస్తామంది. అమ్మ చేతులు గారెలు తడుతున్న ఫోటో, ఆ అమ్మ పోయాక, పోగొట్టుకున్నవాళ్లున్నారు.

డబ్బు కూడా వచ్చింది. అది రావడం తప్పని నేననను. ఇల్లాలి శ్రమకి రూపాయి రావడం న్యాయమే. కానీ వచ్చిన రూపాయి పేజీకి ఎంతమంది వస్తే అంత అన్న లెక్కన వచ్చింది. పక్కావిడ ఇంటికి దారి చూపిస్తే తన ఇంట్లో మనిషి తగ్గుతాడు. ఎవరి దగ్గర నేర్చుకున్నదీ చెప్పడం మెల్లగా తగ్గిపోయింది. కందలో పెరుగు పోసేది ఫలానా పేటవాళ్లు అన్న మాట పోయింది, కందా పెరుగూ మిగిలాయి. ఇవాళ ఫోనులో వంటలకి కరువు లేదు. ఆ వంటలకి పుట్టిల్లు లేదు, అత్తిల్లు లేదు. నన్ను ఎక్కువ బాధపెట్టేది అదే.

జిహ్వ ఆగిపోయింది. ఆ గొలుసులూ తెగాయి. కొందరు పుస్తకాలు వేసి నిలబడ్డారు, కొందరు వీడియోల్లోకి వెళ్లారు. చాలామంది ఏ మాటా చెప్పకుండా ఒక సంక్రాంతి అరిసెల దగ్గరో, ఒక వేసవి ఆవకాయ దగ్గరో ఆగిపోయారు. నాకు కంద నేర్పినావిడ సొంత చిరునామా కొనుక్కుని రాసేవారు. ఏదో ఒక ఏడు ఆ రుసుము కట్టలేదు. ఎందుకు కట్టలేదో, ఎలా ఉన్నారో తెలియదు. ఉత్తరం రాస్తే తిరిగొచ్చింది. ఇప్పుడు ఆ పేరు కొడితే జూదం ప్రకటనలొస్తాయి. తార్‌బహార్ చెల్లెలు చెప్పిన వంట ఇంకెక్కడా లేదు.

ఇంకో బ్లాగు ఉంది, రాసినావిడ వదిలేసి చాలా ఏళ్లయింది, పేజీలు మాత్రం ఇంకా తెరుచుకుంటాయి. అందులో పనసపొట్టు కూర కింద ఒకమ్మాయి అడిగింది: ‘ఆవ పెట్టాక కూర చేదెక్కిందండీ, ఎందుకు?’ కింద జవాబు లేదు. కొత్తగా రాయడానికి ఆ పెట్టె మూసేసి ఉంది. అందుకని ఇక్కడే చెబుతున్నాను, ఎవరైనా ఆ అమ్మాయికి చేరవేయండి. అమ్మా, ఆవ పొయ్యి మీద ఉన్న కూరలో వెయ్యకూడదు. కూర దించి, వేడి తగ్గి గోరువెచ్చగా అయ్యాక, నానబెట్టిన ఆవాలు ఉప్పేసి అప్పటికప్పుడు నూరి, చెంచాడు పచ్చి నూనెతో కలిపి పట్టించు. ముందే నూరి పెట్టుకోకు. కలిపి ఒక గంట మూత పెట్టి ఉంచు, ఘాటు అప్పుడొస్తుంది.