గెణుసు తీపి, ఉర్లగడ్డ పిండి

సంక్రాంతికి అవరెకాయలతో పాటు గెణుసుగడ్డలు ఉడకవేయడం బెంగళూరులో మా ఇంటి ఆచారం. తెలుగు వాచకం చేతికి వచ్చాక గదా, అది చిలగడదుంప అనీ, మేమనే ఉర్లగడ్డ బంగాళాదుంప అనీ తెలిసింది! పేరు ఏదైనా, సన్నని సెగ మీద నిదానంగా ఉడికిన గెణుసుకే తీపి ఎక్కువ. ఆ తీపి వెనుక మన ఊరి చరిత్ర కొంత ఉంది.

1909లో వెలసిన భారతీయ విజ్ఞాన సంస్థను మనవాళ్లు టాటా ఇన్‌స్టిట్యూట్ అంటారు. అందులో జీవరసాయన శాఖ 1921లో ఏర్పడింది. 1930లలో అక్కడ కె.వి. గిరి గారు గెణుసులోని అమైలేజు అనే ఎంజైమును పరిశోధించారు; తరువాత ఆ శాఖలోనే ఆచార్యులయ్యారు. పిండిని మాల్టోజు అనే చక్కెరగా మార్చేది ఆ ఎంజైమే. పచ్చిగడ్డలో గట్టి రేణువులుగా ఉన్న పిండి దానికి అంతగా లొంగదు. వేడికి ఉబ్బి మెత్తబడ్డాక లొంగుతుంది. సెగ మరీ ఎక్కువైతే, పని పూర్తికాకముందే ఎంజైము చెడిపోతుంది.

ఆ రోజుల్లో గడ్డను నూరి, రసం తీసి పరీక్షించేవారు. ఏ ఎంజైము ఎంత ఉందో తేలేది. కణంలో ఏ చోట ఉందో మాత్రం ఆ నూరడంలోనే చెరిగిపోయేది. గడ్డ ఊరే తీరు తెలియాలంటే ఆ చోటే ముఖ్యం.

ఉర్లగడ్డనే చూడండి. గెణుసు వేరు, ఇది నేలలో పాకే కాండపు కొన. ఆ కొన పొడుగు సాగుతున్నంతకాలం, ఆకు నుంచి వచ్చిన చక్కెర ఎక్కువగా కణాల వెలుపలికి చేరుతుంది. కణగోడలోని ఇన్వర్టేజు దాన్ని చీలుస్తుంది. కొన ఉబ్బడం మొదలవగానే దారి మారుతుంది. చక్కెర కణం నుంచి కణానికి సన్నని లోదారుల్లో నడుస్తుంది. కణద్రవంలో సుక్రోజు సింథేజు దాన్ని విడదీస్తుంది. ఆపైన అమైలోప్లాస్టు అనే కొట్టుగదిలో పిండిగా పేరుకుంటుంది. స్కాట్లండు పరిశోధకులు వెలిగే రంగును మొక్కలోకి ఎక్కించి, అది పోయే దారిని సూక్ష్మదర్శినిలో వెంబడించి, ఈ మార్పును 2001లో చూపారు.

జనాభా లెక్కలు మనల్నీ అలాగే నూరి లెక్కగడతాయి: తెలుగువారు ఇంతమంది అని. ఆ తెలుగు బడిలో ఉందా, వీధిలో ఉందా, వంటింట్లోనే ఉందా అని చెప్పవు. మా మనవరాలికి గెణుసు అన్న మాట వంటింటి వరకే తెలుసు. ఈసారి సంక్రాంతికి, గడ్డలు ఉడికేలోగా, ఆ మాటను తెలుగులో రాయించాలి.