లోకాద్భుతములును పనామా కాలువయు



ప్రాచీన యవనులు తమ యెఱుకలోనున్న కట్టడములలో నేడింటిని లోకాద్భుతములని లెక్కించిరి. రోడ్సు ద్వీపమునందలి కంచువిగ్రహము, అలెగ్జాండ్రియా రేవునందలి దీపస్తంభము, బాబిలోను పురమందలి వ్రేలాడు తోటలు మున్నగునవి వానిలోనివి. ఆ తోటలు నిజముగా నుండెనా యని పండితులకు సందేహము. ఏడింటిలో నేటికి నిలిచినది ఈజిప్టునందలి గీజా పిరమిడు ఒక్కటియే.

పాత పట్టిక యిట్లు శిథిలముకాగా క్రొత్తది కావలెనను కోరిక పుట్టుట సహజమే. బెర్నార్డు వెబరను నతడు పూనుకొని, లోకులచేత వోట్లు వేయించి, 2007 జూలై 7వ తేదీన లిస్బను నగరమున ఫలితములను ప్రకటించెను. చీనా మహాకుడ్యము, పెట్రా నగరము, మాచుపిచ్చు, చిచెనిట్జా, రోమునందలి కొలోసియము, బ్రెజిలునందలి క్రీస్తు విగ్రహము, మన తాజమహలు ఎన్నికయినవి. పదికోట్ల వోట్లు వచ్చినవని నిర్వాహకులు చెప్పుకొనిరి. అయితే రొక్కము చెల్లించినవాడు టెలిఫోనులో నెన్నిమాఱులైనను వోటు వేయవచ్చునట! మన గ్రామపంచాయతీ యెన్నికలోనైనను మనిషికి వోటొక్కటియే గదా. ఈజిప్టువారు తమ పిరమిడును పోటీలో నిలుపుట యవమానమని యాగ్రహింపగా, దానిని తప్పించి గౌరవస్థానమిచ్చిరి. యునెస్కో సంస్థ తనకీ యెన్నికతో సంబంధము లేదని ప్రకటించినది.

తాజమహలు గెలిచినందులకు నేనును సంతసించితిని. కాని యీ పట్టికకు 'క్రొత్త' యను విశేషణమెట్లు పొసగును? 1931లో ముగిసిన క్రీస్తు విగ్రహము తప్ప తక్కిన యాఱును మున్నూఱేండ్లకు పూర్వమే కట్టబడినవి. మఱియొక చిక్కు గలదు. అద్భుతరసమునకు స్థాయిభావము విస్మయమని మన యాలంకారికులు చెప్పిరి. వోట్లవలన తెలియునది విస్మయము గాదు, స్వదేశాభిమానము మాత్రమే. జనసంఖ్య హెచ్చుగా గల దేశమున కట్టడము గెలిచిన, దానివలన కట్టడము గొప్పతనము నిరూపితము గాదు.

అమెరికా దేశపు నిర్మాణశిల్పుల సంఘమువారు 1994లో వేఱొక పట్టిక చేసిరి. ఇది యించుక మేలు. అందున్నవన్నియు ఇరువదవ శతాబ్దపు పనులే. కాని అందును ఎత్తైన భవనములకు చోటిచ్చిరి. కెనడాలోని టొరాంటో నగరపు గోపురము 553 మీటర్ల యెత్తుతో వారి పట్టికలో కెక్కినది. 2010లో ప్రారంభమైన దుబాయి నగరపు బుర్జు ఖలీఫా యెత్తు 828 మీటర్లు. ఎత్తునుబట్టి వచ్చిన కీర్తి మఱియొకడు అంతకంటె నెత్తుగా కట్టునంతవఱకే నిలుచును. అదే పట్టికలో పనామా కాలువయు నున్నది. ఈ కాలపు అద్భుతమొక్కటి చెప్పుమనిన నేను దానినే చెప్పుదును. అట్లనుటకు కారణము త్రవ్విన మట్టి పరిమాణము గాదు.

ఉత్తర దక్షిణ అమెరికాలను గలుపు సన్నని భూభాగము పనామా. దానిని గోసి అట్లాంటిక్, పసిఫిక్ సముద్రములను గలుపుటకు మొదట పూనుకొన్నది ఫ్రెంచివారు. సూయజు కాలువను 1869లో పూర్తిచేయించిన లెస్సెప్సు వారి నాయకుడు. ఇసుక నేలలో సఫలమైన పద్ధతినే కొండలు, అడవులు, వరదనదులు గల దేశమున నడపజూచెను. 1881లో పని మొదలిడిరి. 1889 నాటికి కంపెనీ దివాలా తీసెను. లక్షలాది చిన్న కుటుంబముల సొమ్ము మునిగినది. పనివారిలో నిరువదివేలకు పైగా మలేరియాచేతను, పీతజ్వరముచేతను, ఇతర కారణములచేతను మరణించిరని అంచనా.

ఇచ్చట నొక సంగతి చెప్పక తీఱదు. ఫ్రెంచివారు రోగులకొఱకు మంచి యాసుపత్రులే కట్టిరి. చీమలు మంచములపై కెక్కకుండ మంచపుకోళ్ళ క్రింద నీళ్ళగిన్నెలుంచిరి. మన యిండ్లలో తినుబండారములుంచు బల్లకు చేయు ఉపాయమే యిది. ఆ గిన్నెల నీటిలో దోమలు పెరిగి, ఆ మంచములమీది రోగులనే కుట్టి, ప్రక్కవారికి జ్వరమంటించెను. సదుద్దేశముతో నుంచిన నీరే మృత్యువుకు నెలవైనది. దోమకును జ్వరమునకును గల సంబంధము నాటికి నిశ్చయముగా నెఱిగినవారు లేరు. క్యూబా దేశపు వైద్యుడు ఫిన్లే 1881లోనే పీతజ్వరము దోమవలన వచ్చునని చెప్పినను లోకము చెవినిబెట్టలేదు.

మలేరియా రహస్యము మన సికిందరాబాదులో బయటపడినది. సైనిక వైద్యుడు రొనాల్డు రాసు బేగంపేటలోని చిన్న ప్రయోగశాలలో సూక్ష్మదర్శినితో దోమల కడుపులను పరీక్షించుచుండెను. హుసేనుఖాను అను రోగి తన్ను కుట్టిన యొక్కొక్క దోమకు అణా చొప్పున పుచ్చుకొని యా పరీక్షకు లోబడెను. 1897 ఆగస్టు 20వ తేదీన రాసు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆయనకు 1902లో నోబెలు బహుమానము వచ్చెను. హుసేనుఖానునకు వచ్చినది అణాలు. 1900లో అమెరికా సైనిక వైద్యులు ఫిన్లే చెప్పినది నిజమని స్థాపించిరి.

1904లో అమెరికావారు పనామా పనిని చేపట్టగా, వైద్యాధికారి గోర్గసు మొదట దోమలను గెలువవలెనని పట్టుబట్టెను. పై యధికారులు నవ్విరి. మరుసటియేడు పీతజ్వరము చెలరేగి పనివారనేకులు పాఱిపోగా, అప్పుడు వారికి కనువిప్పు గలిగెను. ఇండ్లలో పొగవేసిరి, గుంటలు పూడ్చిరి, నిలువనీటిపై నూనె చల్లిరి, వాననీటి తొట్లు తీసివేసి కొళాయిల నీరు తెచ్చిరి. 1906 నాటికి పీతజ్వర మచ్చట లేకుండ పోయినది. మలేరియా చాలవఱకు తగ్గినది. రాసును 1904లో స్వయముగా పనామా వెళ్ళి చూచి వచ్చెను.

పిమ్మట త్రవ్వకము సాగినది. 1914 ఆగస్టు 15వ తేదీన కాలువ తెఱవబడెను. గోదావరి కాలువలపై పడవలు లాకులలో నెక్కి దిగుట చూచినవారికి దీని కీలకము సులభముగా బోధపడును. చాగ్రెసు నదికి ఆనకట్ట కట్టి సరస్సు చేసి, ఓడను లాకులద్వారా 26 మీటర్లు పైకెత్తి, సరస్సు దాటించి, ఆవలి లాకులలో దింపుదురు. న్యూయార్కునుండి శాన్ ఫ్రాన్సిస్కోకు దక్షిణామెరికాను చుట్టివచ్చు పయనము పండ్రెండువేల కిలోమీటర్లకు పైగా తగ్గినది. పాత లాకులలో నోడ యొకటి దాటినపుడెల్ల నించుమించు ఇరువదికోట్ల లీటర్ల మంచినీరు సముద్రముపాలగును. 2023లో వానలు తప్పగా రోజునకు దాటు నోడల సంఖ్యను తగ్గింపవలసివచ్చెను. వాన రాకున్న కాలువ సాగదను చింత మన డెల్టా రైతులకు తెలియనిది గాదు.

ఇందులకు నొక బలమైన యాక్షేపణ గలదు. దానిని దాటవేయుట న్యాయము గాదు. అమెరికావారి కాలమునను లెక్కకు వచ్చిన మృతులు 5,609 మంది. వారిలో నత్యధికులు బార్బడోసు మున్నగు దీవులనుండి కూలికి వచ్చిన నల్లజాతివారు. తెల్లవారికి బంగారు నాణెములు, వీరికి వెండి నాణెములు, వసతులును వేఱు. పీతజ్వరము పోయినను, తడి బట్టలతో ఇఱుకు కొట్టములలో పండుకొన్న కూలీలను న్యుమోనియా హరించినది. దోమనుండి కాచిన శాస్త్రము చలినుండి వారిని గాచు గది నీయలేదు. ఇట్టిదానిని అద్భుతమనవచ్చునా యని యడిగిన, తాజమహలు రాళ్ళు మోసినవారిలో నెందఱు మడిసిరో చెప్పు లెక్క యేదియని నేను మఱల నడుగుదును. పనామాలో లెక్కయైనను మిగిలినది. ఆ లెక్కను ప్రక్కన వ్రాసియే దీనిని పట్టికలో నెక్కింపవలెనని నా యభిప్రాయము.

1999 డిసెంబరు 31వ తేదీన కాలువ పనామా దేశమువారి వశమైనది. బేగంపేటలో రాసు పనిచేసిన యిల్లును నిలిచియేయున్నది. హైదరాబాదునకు పోయినవారు చార్మినారును, గోలకొండను చూచి వచ్చి మాతో చెప్పుదురు. ఆ యింటిని చూచితిమని చెప్పినవారు నా యెఱుకలో బహు కొద్దిమంది.