ఈ రాయి ఎవరు కొట్టారు? పీటర్‌హెడ్ జైలు చరిత్ర

మా ఇళ్లల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం వాళ్లం మేము. ఏ పెద్ద కట్టడం చూసినా మాకు ముందు తట్టే ప్రశ్న ఒకటే: ఈ రాయి ఎవరు కొట్టారు? ఎవరు మోశారు? స్కాట్లాండ్ ఈశాన్య తీరంలో ఉన్న పీటర్‌హెడ్ జైలును ఈ ప్రశ్నతోనే చదవాలి.

విక్టోరియా రాణి కాలంలో, 1888లో ఈ గ్రానైట్ జైలు తెరిచారు. అంతకుముందు దీర్ఘకాల కఠినశిక్ష పడ్డ స్కాట్లాండ్ ఖైదీల్ని ఇంగ్లండ్ జైళ్లకు పంపేవాళ్లు. మరి ఇక్కడే ఎందుకు కట్టినట్టు? ఉత్తర సముద్రంలో తుఫాను లేస్తే ఓడలు తలదాచుకోవడానికి రేవు కావాలి. రేవుకు అలల్ని ఆపే గోడలు కావాలి. గోడలకు చవకగా చాకిరీ చేసే చేతులు కావాలి. 1886లో రేవు కోసం చట్టం చేశారు, రెండేళ్లకు జైలు తెరిచారు. ముందు పని ఖాయమైంది, ఆ పనికి మనుషుల్ని బంధించే ఇల్లు తర్వాత లేచింది.

అందుకే ఈ జైలు అసలు పనిశాల ప్రహరీ బయట ఉంది. స్టర్లింగ్‌హిల్ క్వారీలో ఖైదీలు గ్రానైట్ కొట్టేవాళ్లు. వాళ్లను తీసుకుపోవడానికి ప్రత్యేకంగా ఒక రైలు మార్గమే వేశారు. తీరాన ఉన్న యార్డులో పెద్ద పెద్ద కాంక్రీటు దిమ్మలు పోసేవాళ్లు. 1939 దాకా వార్డర్లు నడుముకు కత్తులు కట్టుకుని కాపలా కాశారు. రేవు పని పూర్తయ్యేసరికి 1956 వచ్చింది. రూపకల్పన చేసిన సర్ జాన్ కూడ్ పేరు చరిత్రలో నిలిచింది. డెబ్బయ్యేళ్లు దిమ్మలు మోసిన వాళ్లు ఖైదీలుగానే మిగిలిపోయారు.

మొదటి ప్రపంచ యుద్ధాన్ని వ్యతిరేకించిన బడిపంతులు, సోషలిస్టు జాన్ మెక్లీన్‌ను కూడా ఇక్కడే పెట్టారు. 1918లో ఆయన నిరాహార దీక్షకు దిగితే బలవంతంగా తిండి ఎక్కించారు.

సముద్రాన్ని నిలబెట్టే గోడ కట్టించుకున్న ప్రభుత్వం ఖైదీ గదిలో మరుగుదొడ్డి మాత్రం కట్టలేదు. 2013లో మూసేదాకా బకెట్లూ డబ్బాలే గతి. 2016 నుంచి అది మ్యూజియం. టికెట్ కొనుక్కుని చూడొచ్చు.

స్కాట్లాండ్ ఖైదీకి కులం లేదు. అక్కడ శిక్షే పనిని నిర్ణయించింది. అదే బ్రిటిష్ పాలన మన దేశంలో జైలు నడిపినప్పుడు ఆ పనిని కులాల వారీగా పంచే పద్ధతిని మాన్యువళ్లలోకి ఎక్కించింది. వంట ఒకరికి, పాకీ పని ఇంకొకరికి. తెల్లవాళ్లు పోయాక కూడా మనవాళ్లు ఆ రాతను చెరపలేదు. జర్నలిస్టు సుకన్య శాంత వేసిన కేసులో 2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ఆ నిబంధనల్ని కొట్టేసింది, జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది.

కాగితం మీద గడి పోయింది, సంతోషం. మరి చీపురు ఎవరి చేతిలో ఉంది? ఇక ముందు జైళ్ల చరిత్ర రాసేవాళ్లు గోడల ఎత్తు కొలిచే ముందు ఈ లెక్క తీయాలి.