రెండు రికార్డులు, నాలుగు శాస్త్రములు

పరమహంస యోగానందుల ‘ఒక యోగి ఆత్మకథ’ 1946లో ఆంగ్లమున వెలువడినది మొదలు అనేక భాషలలోనికి, మన తెలుగులోనికిని వచ్చినది. ఆ గ్రంథమున నొకచోట, పుటయడుగున, మన శాస్త్రవాఙ్మయము శ్రుతులు, స్మృతులు, పురాణములు, తంత్రములు అని చతుర్విధముగా నున్నదనియు, మతమును సంఘజీవనమును మాత్రమే గాక వైద్యమును, వాస్తువును, కళలను గూడ అది తనలో నిముడ్చుకొన్నదనియు దెలుపు టిప్పణి యొకటి కలదు. ఈ నాలుగు పేర్లను ఉగ్గుపాలతో విన్న మనము ఆ వాక్యములను చదివి ఆగక దాటిపోవుదుము. 1973లో టోకియో నగరమున హోటలుగదిలో వానిని చదివిన ఆంగ్లేయ గాయకుడు జాన్ ఆండర్సన్ మాత్రము అచ్చటనే నిలిచిపోయి, ఒక్కొక్క శాస్త్రమునకు ఒక్కొక్క దీర్ఘగీతముగా, రెండు ఎల్.పి. రికార్డుల నాలుగు వైపులను నింపు మహాప్రబంధమును భావించెను. ‘టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్’ అను పేర ఆ సంవత్సరాంతమున వెలువడిన యా కృతినిగూర్చి నాటినుండి నేటివరకు జరిగినంత వాదప్రతివాదము రాక్ సంగీతచరిత్రలో మిక్కిలి కొలది రికార్డులకే పట్టినది.

ఆండర్సన్, క్రిస్ స్క్వైర్ అను నిరువురు 1968లో లండన్ నగరమున స్థాపించిన ‘యెస్’ బృందము, మూడు నిమిషముల ప్రేమగీతముతో తృప్తి చెందక, పాశ్చాత్య శాస్త్రీయసంగీతపు విస్తారమును రాక్ వాద్యములపై సాధింపబూనిన ‘ప్రోగ్రెసివ్’ సంప్రదాయమునకు చెందినది. 1972 నాటి ‘క్లోజ్ టు ది ఎడ్జ్’ రికార్డులో ఒక వైపంతయు ఒకే గీతముతో నింపి వారు తమ బలమును పరీక్షించుకొనియుండిరి. ఆ పిమ్మట మృదంగస్థానమున నున్న బిల్ బ్రూఫర్డ్ ‘కింగ్ క్రిమ్సన్’ బృందమున చేరగా, అతని పీఠమునకు ఆలన్ వైట్ వచ్చెను. 1973 మార్చిలో జరిగిన బ్రూఫర్డ్ వివాహపు విందులోనే, కింగ్ క్రిమ్సన్ వాద్యకారుడు జేమీ మ్యూర్, యోగానందుల గ్రంథమును ఆండర్సన్‌కు పరిచయము చేసెను. ఆ మ్యూర్ కొలదికాలమునకే వాద్యములను విడిచి, స్కాట్లండులోని బౌద్ధవిహారమునకు వెడలిపోయిన వాడగుటచేత, అది విందులో పొద్దుపుచ్చుటకు చెప్పిన మాట గాదని నాకు తోచును. యోగానందుల పేరు ఆంగ్లేయ గాయకులకు అంతకుముందే తెలియును. 1967 నాటి బీటిల్స్ రికార్డు ‘సార్జంట్ పెప్పర్’ అట్టమీద, జార్జి హారిసన్ కోరికపై, ఆ యోగి చిత్రము చోటుచేసికొన్నది.

అమెరికాయాత్రలో కొవ్వొత్తుల వెలుగున ఆండర్సన్, గిటారువాద్యకారుడు స్టీవ్ హౌ కలిసి కూర్చుండి ఆ కృతికి ఆకృతి కల్పించిరి. జార్జియా రాష్ట్రమున సవానా పట్టణములో నొకరాత్రి ఆరుగంటలసేపు సాగి తెల్లవారువేళకు ముగిసిన గోష్ఠిలో నాలుగు భాగముల స్వరూపము నిర్ణీతమైనది. రికార్డింగు లండన్‌లోని మోర్గన్ స్టూడియోలో జరిగినది. పల్లెపట్టున చేయవలెనని కొందరు, నగరముననే చేయవలెనని కొందరు పట్టుపట్టగా, తుదకు నగరములోని స్టూడియోలోనే గడ్డిమోపులు పేర్చి, అట్టతో చేసిన ఆవును నిలిపి, పల్లెను లోపలికి తెచ్చుకొనిరి. పరిహాసమునకు పాత్రమైన ఈ వృత్తాంతమును నేను గౌరవముతోనే చెప్పుచున్నాను, ఏలయన చుట్టునున్న పరిసరము నాదమునందు ప్రవేశించునని వారు మనసార నమ్మిరి.

ఇచ్చట రికార్డు స్వభావమును కొంత విచారింపవలసియున్నది. నిమిషమునకు ముప్పదిమూడు చుట్లకు పైగా తిరుగు ఎల్.పి. మీద నాదమంతయు అంచునుండి నడిమికి చుట్టుకొనిపోవు ఒకే గాడియందు నిక్షిప్తమైయుండును. మంద్రస్వరములు గాడిని ఎక్కువగా అటునిటు ఊపును గనుక వానికి వెడల్పు కావలెను. ఒక వైపున ఇరువది నిమిషములకు మించి ఎంత నింపినను గాళ్లు అంత ఇరుకై, నాదమును అంత తగ్గించి చెక్కవలసివచ్చును. ఈ రికార్డున నాలుగు గీతములును పదునెనిమిది మొదలు ఇరువదిరెండు నిమిషముల లోపున నిలిచినవి. అనగా ఒక్కొక్క శాస్త్రమునకు లభించిన పరిమాణమును నిర్ణయించినది శాస్త్రము గాదు, పన్నెండంగుళముల వినైల్ చక్రము. కీబోర్డువాద్యకారుడగు రిక్ వేక్‌మన్ మొదటినుండియు చేసిన ఆక్షేపణ యిదియే: ఉన్న సరకు ఒక రికార్డునకు ఎక్కువ, రెంటికి తక్కువ, కావున నడుమ పూరణము తప్పలేదని అతని వాదము. ఇందు సత్యాంశము కలదు, కాని సంపూర్ణసత్యము లేదు.

ఏలయన, రాగము, తానము, పల్లవి గంటసేపు విస్తరించుట నెరిగిన మనకు దీర్ఘత స్వతస్సిద్ధముగా దోషము కాజాలదు. ఆ విస్తారమున మనోధర్మము వికసించుచున్నదా లేదా అనునదే ప్రశ్న. శ్రుతికి సంకేతమైన మొదటి వైపున, జపమువలె ఒకదానిపై నొకటి పేరుకొను కంఠములనుండి ఇతివృత్తములు క్రమముగా విడివడి, పరస్పరము మారుపలికి, తుదకు మరల సమావేశమగు తీరు నిర్మాణకౌశలమునకు నిదర్శనము. స్మృతికి సంకేతమైన రెండవ వైపున, మెల్లట్రాన్ అను వాద్యమునుండి వేక్‌మన్ అలలుగా లేపిన నాదము మనోహరమే యైనను, చెప్పినదే చెప్పుచున్నదన్న భావము నన్ను ఎన్నడును వీడలేదు. పురాణములకు చెందిన మూడవ వైపు పరుషమైన తాళఘాతములతోను, కేకలవంటి గిటారుస్వరములతోను శ్రోతను బెదరించి, చివర హౌ ఒంటిగా వాయించు తీగెగిటారు గీతమున ప్రశాంతినొందును. ఆ కొలది నిమిషములకై ముందరి కాఠిన్యమును సహింపవచ్చును. తంత్రములకు చెందిన నాలుగవ వైపున స్క్వైర్ బాస్ గిటారు, వైట్ డప్పుల ఘోష ఒకటితో నొకటి తలపడి, ఆ సంఘర్షణమునుండి అతిసరళమైన ప్రేమగీతము జనించును. నాలుగింటిలో ఇదియే ఉత్కృష్టమని నా దృఢాభిప్రాయము.

పదములలో శాస్త్రార్థమును వెదకువారికి నిరాశయే. ఆండర్సన్ అర్థముకంటె ధ్వనిని ముందుంచి రచించువాడు. శ్రుతిస్మృతులను మూలమున చదివి వ్యాఖ్యానించినవాడును గాడు, భారతీయ రాగతాళములపై తన కృతిని కట్టినవాడును గాడు. అతడు గ్రహించినది క్రమమును మాత్రమే: ముందు దర్శనము, పిదప స్మరణము, ఆ తరువాత ప్రాచీనుల గాథ, అటుపై అనుష్ఠానము. ఈ క్రమము రికార్డును తిరుగవేయుచు నాలుగు వైపులను వరుసగా వినువానికి స్పష్టముగా గోచరించును. విప్పిన అట్టమీద రోజర్ డీన్ చిత్రించిన లోకమును ఆ వరుసను స్థిరపరచును. ఇంగ్లండులోని ప్రసిద్ధ శిలలు, మాయా జాతివారి దేవాలయము, పెరూ దేశపు నాజ్కా రేఖలు అందు ఒకే సముద్రగర్భమున, చేపల నడుమ నెలకొనియున్నవి.

రికార్డు అంగడులకు రాకముందే, 1973 నవంబరున లండన్ రెయిన్‌బో థియేటరులో అయిదురాత్రులు ఆ బృందము ఈ కృతిని సంపూర్ణముగా వాయించినది. పరిచయములేని ఎనుబది నిమిషముల సంగీతమును ఏకధాటిగా విన్న శ్రోతల యోర్పు ప్రశంసనీయము. విమర్శకులలో పెక్కుమంది దీనిని ఆడంబరమని నిరసించిరి. అయినను బ్రిటనులో ఇది ప్రథమస్థానమును, అమెరికాలో ఆరవస్థానమును పొందినది. వేక్‌మన్ 1974లో బృందమును వీడెను. అతని స్థానమున వచ్చిన పాట్రిక్ మొరాజ్‌తో ఆ సంవత్సరమే వెలువడిన ‘రిలేయర్’ మరల ఒక్క రికార్డునకే పరిమితమైనది. ఆండర్సన్ లేని యెస్ బృందము 2016లో ఈ కృతిని తిరిగి వేదికకెక్కించినప్పుడు, మొదటి వైపును, నాలుగవ వైపును సమగ్రముగా వాయించి, మూడవ వైపునుండి హౌ గిటారుగీతమును మాత్రము వాని నడుమ నిలిపినది.