గజాలీ సంశయం, డెకార్ట్ సంశయం

ఇమామ్ గజాలీ (రహిమహుల్లాహ్) ప్రస్తావన వచ్చినప్పుడల్లా మన సభల్లో, మన పత్రికల్లో ఒక మాట తప్పక వినబడుతుంది. ఆధునిక పాశ్చాత్య తత్త్వశాస్త్రానికి పితామహుడనిపించుకున్న ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్ తన సంశయ పద్ధతిని గజాలీ గ్రంథం నుంచే తీసుకున్నాడని. వినడానికి ఇంపైన మాటే. కాని చరిత్ర రాసేవాడు ఇంపైన మాటనే ముందుగా పరీక్షకు పెట్టాలి. ఆ పరీక్ష ముగిశాక మిగిలే ప్రశ్న నాకు మరింత విలువైనదిగా తోస్తుంది: ఇంచుమించు ఒకే చోట బయలుదేరిన ఈ ఇద్దరూ మానవ స్వభావం గురించి ఇంత భిన్నమైన నిర్ణయాలకు ఎలా చేరారు?

గజాలీ క్రీ.శ. 1058 (హిజ్రీ 450)లో ఖురాసాన్‌లోని తూస్‌లో జన్మించారు. 1091లో బాగ్దాదు నిజామియా మదరసాలో ఆచార్య పీఠం అధిష్ఠించారు. జీవితపు చివరి సంవత్సరాల్లో రాసిన 'అల్ మున్ఖిజ్ మినద్దలాల్' అనే చిన్న పుస్తకంలో తమ అన్వేషణ కథ తామే చెప్పుకున్నారు. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగా, యూదుల పిల్లలు యూదులుగా, ముస్లింల పిల్లలు ముస్లింలుగా పెరగడం ఆయన చిన్ననాడే గమనించారు. ప్రతి శిశువూ సహజ ప్రకృతి (ఫిత్రత్) మీదనే పుడుతుందని, తర్వాత తల్లిదండ్రులే ఒక మతంలోకి మలుస్తారని తెలిపే హదీసు ఆయన మనస్సులో మెదిలింది. మరి తల్లిదండ్రులు, గురువులు ఇచ్చినదంతా తీసివేస్తే మిగిలే ఆ అసలు స్వభావం ఏమిటి? తర్వాత ఇంద్రియాల వంతు వచ్చింది. నీడ నిలిచి ఉన్నట్టే కనబడుతుంది, గడియ గడిచాక చూస్తే జరిగి ఉంటుంది. నక్షత్రం కంటికి దీనారు నాణెమంత, గణితం మాత్రం అది భూమికన్నా పెద్దదంటుంది. కంటిని బుద్ధి తప్పుపట్టినట్టే, బుద్ధిని తప్పుపట్టే న్యాయాధిపతి దానిపైన మరొకరు లేరని ఏమిటి నమ్మకం? కలలో నిజమనుకున్నది మెలకువలో కరిగిపోతుంది గదా, ఈ మెలకువ సంగతి మాత్రం ఏమిటి? ఈ జబ్బు తమను దాదాపు 2 నెలలు పీడించిందని, పైకి అనకపోయినా ఆ కాలమంతా లోలోపల తాము సంశయవాదేనని ఆయన దాపరికం లేకుండా ఒప్పుకున్నారు.

ఐదు శతాబ్దాలు గడిచాయి. డెకార్ట్ 1596లో ఫ్రాన్సులో పుట్టి, జెసూట్ మతగురువుల కళాశాలలో చదివి, 1628 తర్వాత దాదాపు ఇరవై ఏళ్లు హాలెండులో గడిపాడు. 1637లో లైడెన్ నగరంలో అచ్చయిన 'పద్ధతిని గూర్చిన ప్రసంగం'లో అతడూ ఇదే గమనిస్తాడు: ఒకే బుద్ధి గల మనిషి ఫ్రెంచివారి మధ్య పెరిగితే ఒక రకంగా, చైనావారి మధ్య పెరిగితే మరో రకంగా తయారవుతాడని. 1641 నాటి 'ధ్యానాలు' గ్రంథంలో ఇంద్రియాల వంతు. దూరం నుంచి గుండ్రంగా కనబడ్డ బురుజు దగ్గరకు వెళితే చతురస్రంగా ఉంటుంది. సూర్యుడు కంటికి చిన్నవాడు, ఖగోళ గణితంలో భూమికి ఎన్నో రెట్లు. కల ప్రస్తావన కూడా ఉంది. చివరకు తనను ప్రతి విషయంలోనూ మోసగిస్తున్న ఒక దుష్టశక్తి ఉందేమోననే ఊహ దాకా వెళ్తాడు. రెండు పుస్తకాలూ చదివినవారికి అనుమానం కలగడం సహజమే.

ఆ అనుమానానికి ఒక చరిత్ర ఉంది. పందొమ్మిదవ శతాబ్దపు ఆంగ్ల రచయిత జార్జ్ హెన్రీ లూయీస్, గజాలీ గ్రంథానికి డెకార్ట్ కాలంలో అనువాదమంటూ ఉండి ఉంటే అందరూ గ్రంథచౌర్యమని కేకలు వేసేవారన్నాడు. అల్లామా ఇక్బాల్ 1908లో వెలువడిన తమ పరిశోధన గ్రంథంలో ఆ మాటను ఉదహరించారు. మన వాళ్ల నోట పడేసరికి అందులోని 'ఉండి ఉంటే' అన్నది జారిపోయింది! పైగా లూయీస్ ఆ మాట అన్నది 'ఇహ్యా' గ్రంథం గురించి, 'మున్ఖిజ్' గురించి కాదు. 'మున్ఖిజ్' అరబీ మూలం ఫ్రెంచి అనువాదంతో పారిస్‌లో అచ్చయింది 1842లో. అంతకు ముందు లాటిన్ పాఠకులకు బాగా తెలిసిన గజాలీ రచన 'మఖాసిదుల్ ఫలాసిఫా'. తత్త్వవేత్తలను ఖండించబోయే ముందు వారి సిద్ధాంతాలను వివరించిన పుస్తకం అది. అది చదివి యూరపు పండితులు గజాలీనే ఇబ్న్ సీనా అనుచరుడనుకున్నారు. 13వ శతాబ్దంలో స్పెయిన్‌కు చెందిన క్రైస్తవ పండితుడు రామోన్ మార్తీ మాత్రం 'మున్ఖిజ్'ను ఎరుగును. కనుక దారి పూర్తిగా మూసుకుపోయిందనలేము. డెకార్ట్ చేతికి ఆ పుస్తకం చేరిందనడానికి మాత్రం ఆధారం లేదు.

డెకార్ట్‌కు సమీపంలోనే వేరే ఊటలు ఉన్నాయి. ప్రాచీన గ్రీకు సంశయవాది సెక్స్టస్ ఎంపిరికస్ రచన 1562లోనే లాటిన్‌లో అచ్చయింది. సందేహించేవాడు ఉండితీరాలన్న యుక్తి సెయింట్ అగస్టీన్ రచనలో ఉందని ఒక మిత్రుడు తెలిపినప్పుడు, 1640 నవంబరులో డెకార్ట్ లైడెన్ పట్టణ గ్రంథాలయానికి వెళ్లి చదివి, కృతజ్ఞత చెబుతూ జవాబు రాశాడు. ముస్లిం తత్త్వచింతన ఆ శతాబ్దపు యూరపుకు చేరిందనడానికి నిశ్చితమైన ఉదాహరణ కావాలంటే ఇబ్న్ తుఫైల్ రాసిన 'హయ్య్ బిన్ యఖ్జాన్' ఉంది. దీవిలో జింక పాలు తాగి పెరిగిన బాలుడు కేవలం తన బుద్ధితో సత్యాన్ని చేరుకునే కథ అది. 1671లో ఆక్స్‌ఫర్డ్‌లో లాటిన్‌లోను, 1672లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్చి భాషలోను వెలువడింది. ఇంత గట్టి సాక్ష్యం చేతిలో ఉండగా గాలివార్తను పట్టుకు వేలాడడమెందుకు?

ఇక సంశయం నుంచి ఇద్దరూ బయటపడిన తీరు చూడాలి. నిరూపణకు మూల సూత్రాలు కావాలి, ఆ సూత్రాలే సందేహంలో పడ్డప్పుడు నిరూపణ ఎలా కట్టడం? అందుకే గజాలీ తమకు నయమైంది తర్కంతో కాదని, అల్లాహ్ హృదయంలో వేసిన వెలుగుతోనని అంటారు. ఆ వెలుగుతో ఆయనకు తిరిగి దక్కినది బుద్ధి మీది విశ్వాసమే! ఆయన బుద్ధిని తోసిపుచ్చారనేవారు ఈ సంగతి గమనించరు. డెకార్ట్ మాత్రం నిరూపణనే నమ్ముకున్నాడు. సందేహించేవాడి ఉనికిని సందేహించలేము. అక్కడి నుంచి పరిపూర్ణుడైన దైవం, ఆయన మోసగించడు గనుక మన స్పష్టమైన భావాలకు హామీ. ఆ స్పష్టమైన భావాలతోనే గదా దైవాన్ని నిరూపించావు, ఇది గుండ్రంగా తిరగడం కాదా అని ఆర్నో అనే మతశాస్త్రజ్ఞుడు వెంటనే నిలదీశాడు. దానికి డెకార్ట్ చెప్పిన సమాధానం ఈనాటికీ పండితులందరినీ తృప్తిపరచలేదు.

ఈ నిరూపణకు ఒక మూల్యం కూడా ఉంది. శరీరాన్ని సందేహించగలను, ఆలోచనను సందేహించలేను అనే మెట్టు మీద నిలబడి, ఆత్మ శుద్ధమైన ఆలోచన అని, శరీరం స్థలాన్ని ఆక్రమించే యంత్రమని, రెండూ వేరు పదార్థాలని అతడు నిర్ణయించాడు. దేశభ్రష్టుల కుటుంబంతో హేగ్ నగరంలో తలదాచుకున్న బొహీమియా రాకుమారి ఎలిజబెత్ 1643 మే నెలలో ఉత్తరం రాసింది. అప్పటికి ఆమెకు 24 ఏళ్లు. ఆమె ప్రశ్న సూటిగా ఉంది: స్థలమే లేని ఆత్మ శరీరాన్ని ఎలా కదిలిస్తుంది? రెండోసారి అడిగాక డెకార్ట్ ఇచ్చిన జవాబు విచిత్రమైనది. ఆత్మ, శరీరాల కలయిక శుద్ధ తర్కానికి అందదట, నిత్యజీవితంలోనే తెలుస్తుందట. తాను అలాంటి తర్కానికి ఏడాదికి కొద్ది గంటలే ఇస్తానన్నాడు. 1645లో ఆమెకు విడవని జ్వరం, పొడిదగ్గు పట్టుకుంటే, దానికి కారణం దుఃఖమేనని అతడే రాశాడు. తత్త్వంలో విడదీసినదాన్ని వైద్యంలో తానే కలిపాడన్నమాట.

గజాలీ రెండో కష్టం ఇక్కడ గుర్తుకొస్తుంది. 1095లో, ఆ 2 నెలల సంశయంతో సంబంధం లేకుండా, కీర్తి కోసమే బోధిస్తున్నానన్న బాధ ఆయనను ఆరు నెలలు నలిపింది. పాఠం చెప్పబోతే నాలుక కదలలేదు, అన్నం లోపలికి దిగలేదు. ఇది హృదయం నుంచి శరీరానికి పాకిన వ్యాధి అని హకీములు చేతులెత్తేశారు. ఎలిజబెత్ అడిగిన ప్రశ్న ఆయనకు తలెత్తే అవకాశమే తక్కువ. ఆయన దృష్టిలో తెలుసుకునేది 'ఖల్బ్', తెలిసినదాని ప్రకారం నడవకపోతే నొచ్చుకునేదీ అదే. ఆ ఏడాదే పదవి విడిచి బాగ్దాదు నుంచి వెళ్లిపోయారు.

ఎలిజబెత్ ప్రశ్నల ప్రేరణతో మొదలైన 'ఆత్మ ఉద్వేగాలు' గ్రంథం 1649లో వచ్చింది. మరుసటి ఏడు ఫిబ్రవరిలో డెకార్ట్ స్టాక్‌హోమ్‌లో మరణించాడు. అతని జవాబులు 1657 నుంచి అచ్చవుతూ వచ్చాయి. తన ఉత్తరాలు ప్రకటించడానికి ఆమె ఒప్పుకోలేదు. అవి 1879లో గాని వెలుగు చూడలేదు.