చెరకు తీపిని కొలిచేది కాంతే: ఫోటానిక్స్ క్లస్టర్ల నుంచి బోధన్ నేర్వవలసిన పాఠం

బోధన్, నిజామాబాద్ జిల్లా: చెరకు కోతకు వచ్చిందో లేదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరికరం ఉంది. దాని పేరు రిఫ్రాక్టోమీటర్. గడకు గాటు పెట్టి, ఒక చుక్క రసాన్ని అద్దంపై వేసి, వెలుతురు వైపు తిప్పి కంటికి ఆనించి చూస్తే నీలి తెర ఒక అంకె దగ్గర ఆగుతుంది. అదే బ్రిక్స్. అది 18 దాటితే గడ పక్వానికి వచ్చినట్లు లెక్క. రసంలో కరిగిన పదార్థం పెరిగినకొద్దీ కాంతి వంగే తీరు మారడమే ఈ కొలతకు ఆధారం. తీపిని నాలుకతో కాక కాంతితో కొలిచే ఈ విద్య చెరకు పండించే ప్రాంతాలకు కొత్తది కాదు. దీని వెనుక ఉన్న పరిశ్రమే నేడు ప్రపంచమంతటా ఫోటానిక్స్ పేరుతో విస్తరిస్తోంది. ఆ పరిశ్రమ కొన్ని ఊళ్లలోనే ఎందుకు గుమిగూడింది, అక్కడి చిన్న కంపెనీలు దాని వల్ల ఎలా బాగుపడుతున్నాయి అన్న ప్రశ్నలు, చక్కెర ఫ్యాక్టరీ మూతపడిన బోధన్ ప్రాంతానికి ఎంతో అవసరమైనవి.

ఫోటానిక్స్ అంటే...

కాంతిని పుట్టించడం, మలచడం, పంపడం, కొలవడం - ఈ నాలుగు పనులకు సంబంధించిన సాంకేతిక విద్యే ఫోటానిక్స్. కళ్లద్దాలు, సూక్ష్మదర్శినులు దీని పాత రూపాలు. 1960లో తొలి లేజర్ వెలిగిన తర్వాత దీని పరిధి ఎన్నో రెట్లు పెరిగింది. ఇంటర్నెట్‌ను మోసుకొచ్చే ఆప్టికల్ ఫైబర్, కంటి శుక్లాల ఆపరేషన్ పరికరాలు, ఇనుప రేకులను కోసే లేజర్ యంత్రాలు, సెల్‌ఫోన్ కెమెరాలు, సౌర ఫలకాలు అన్నీ ఈ కోవలోకే వస్తాయి.

జిల్లాలో కాంతి చేస్తున్న పని

చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పోలారీమీటర్ లేనిదే పని సాగదు. ఒకే దిశలో కంపించే కాంతిని వడగట్టిన రసం గుండా పంపితే చక్కెర ఆ దిశను కుడివైపు తిప్పుతుంది. ఎంత తిప్పితే అంత చక్కెర. 26 గ్రాముల శుద్ధ చక్కెరను నీటిలో కరిగించి 100 మిల్లీలీటర్లు చేసి, 200 మిల్లీమీటర్ల గొట్టంలో పోస్తే పరికరం 100 చూపాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. కెమిస్టులు 'పోల్' అనే ఈ రీడింగు ఫ్యాక్టరీ రికవరీ లెక్కల్లో భాగమవుతుంది. రైతు ధర ఆ రికవరీతోనే ముడిపడి ఉంది. 2025-26 సీజనుకు కేంద్ర ప్రభుత్వం 10.25 శాతం రికవరీపై క్వింటాలు చెరకుకు 355 రూపాయలు నిర్ణయించింది. ఆపై పెరిగే ప్రతి 0.1 శాతానికి 3.46 రూపాయలు అదనం. కాంతి చూపే అంకెకు, రైతు చేతికందే డబ్బుకు ఇంత దగ్గరి సంబంధం ఉంది.

వరి సంగతీ అంతే. రైస్ మిల్లుల్లో అందరూ 'సార్టెక్స్' అని పిలిచేది రంగును బట్టి గింజను ఏరే యంత్రం. ఆ మాట నిజానికి ఇంగ్లండుకు చెందిన ఒక కంపెనీ పేరు. కాలువల్లాంటి దారుల వెంట జారే బియ్యాన్ని కెమెరాలు కనిపెడతాయి. నల్లగింజ, పచ్చగింజ కనిపించిన క్షణంలోనే గాలి దెబ్బతో పక్కకు నెట్టేస్తాయి. పసుపు కొమ్ములోని కర్క్యుమిన్ శాతాన్ని తేల్చేది కూడా స్పెక్ట్రోఫోటోమీటర్ అనే కాంతి పరికరమే. చెరకు, వరి, పసుపు - జిల్లాకు అన్నం పెట్టే మూడు పంటల నాణ్యతనూ తేల్చేది కాంతే అయినా, ఆ పరికరాల తయారీ వేరే ఊళ్ల సొత్తుగానే ఉండిపోయింది.

క్లస్టర్ వల్ల ఒనగూరేదేమిటి?

ఒకే రకం పరిశ్రమకు చెందిన సంస్థలు ఒకచోట గుమిగూడితే దాన్ని క్లస్టర్ అంటారు. ఇలా గుమిగూడడం వల్ల కలిగే మేళ్లను ఇంగ్లండు ఆర్థికవేత్త ఆల్ఫ్రెడ్ మార్షల్ 1890లోనే వివరించారు. పనివాడికి పని, పనికి తగిన మనిషి సులువుగా దొరకడం మొదటిది. విడిభాగాలు, మరమ్మతులు అందించే ఉపవృత్తులు పక్కనే పుట్టుకురావడం రెండోది. పనిలోని మెలకువలు ఒకరి నుంచి ఒకరికి పాకడం మూడోది.

ఫోటానిక్స్‌లో దీనికి మరొకటి తోడవుతుంది. కటకాన్ని సానబట్టే చిన్న షాపు పెట్టడం సాధ్యమే. కానీ దానిపై పలుచని పూత పూసే వాక్యూమ్ యంత్రం, ఉపరితలపు వంకర్లను పట్టే ఇంటర్‌ఫెరోమీటర్, దుమ్ము లేని గది చిన్న యజమానికి తలకు మించిన ఖర్చు. క్లస్టర్‌లో వాటిని విశ్వవిద్యాలయమో ఉమ్మడి కేంద్రమో నడుపుతుంది. చిన్న కంపెనీ గంటల లెక్కన అద్దె కట్టి వాడుకుంటుంది.

ఒక పనిమంతుడు, ఒక ప్రొఫెసర్, ఒక గాజు నిపుణుడు

జర్మనీలోని జేనా పట్టణం ఇందుకు తొలి ఉదాహరణ. 1846లో కార్ల్ జైస్ అక్కడ చిన్న వర్క్‌షాపు పెట్టారు. 1866లో విశ్వవిద్యాలయానికి చెందిన ఎర్నెస్ట్ అబ్బె ఆయనతో చేరారు. చక్కెర ల్యాబులు ఎరిగిన 'అబ్బె రిఫ్రాక్టోమీటర్' ఈయన పేరు మోస్తున్నదే. 1884లో ఒట్టో షాట్ గాజు కార్ఖానా తోడైంది. పనితనం, చదువు, ముడిసరుకు ఒకే ఊళ్లో కలిశాయి.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక నిపుణుల్లో ఒక భాగాన్ని అమెరికన్లు పశ్చిమానికి తీసుకుపోగా, ఫ్యాక్టరీ యంత్రాలను రష్యన్లు విప్పుకుపోయారు. 1990లో జర్మనీ ఏకమైన తర్వాత వేలాది మంది ఉద్యోగాలు కోల్పోయారు. అయినా ఊరు పడిపోలేదు. 1991లో పాత సంస్థ నుంచి యెనాప్టిక్ కంపెనీ రూపుదిద్దుకుంది. 1999లో ఆ ప్రాంతపు కంపెనీలు, పరిశోధన సంస్థలు కలిసి ఆప్టోనెట్ అనే సంఘం పెట్టుకున్నాయి.

కొడాక్ పడినా నిలిచిన రోచెస్టర్

అమెరికాలోని రోచెస్టర్ కథ బోధన్ వాసులకు మరింత దగ్గరగా తోస్తుంది. ఫొటో ఫిల్ముకు మారుపేరైన కొడాక్ సంస్థ 1980ల ఆరంభంలో ఆ ఒక్క నగరంలోనే 60 వేల మందికి పైగా పని కల్పించింది. డిజిటల్ కెమెరాల రాకతో క్షీణించి, 2012 జనవరిలో దివాలా రక్షణ కోరింది. ఊరంతా ఒక్క కంపెనీని నమ్ముకుని ఉంటే అక్కడితో కథ ముగిసేది.

అలా జరగకపోవడానికి కారణం ముందుగానే వేసి ఉంచిన పునాది. 1929లోనే కొడాక్, బాష్ అండ్ లాంబ్ సంస్థల తోడ్పాటుతో రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో ఆప్టిక్స్ విద్యాసంస్థ ఏర్పడింది. 1960ల నుంచి స్థానిక కమ్యూనిటీ కాలేజీ రెండేళ్ల కోర్సుతో ఆప్టిక్స్ టెక్నీషియన్లను తయారుచేస్తోంది. ఈ కోర్సు మన పాలిటెక్నిక్ డిప్లొమా వంటిది. పెద్ద కంపెనీ కుంచించుకుపోతున్నప్పుడు అక్కడి పనిమంతులను చిన్న కంపెనీలు ఆదరించాయి. కొడాక్ ఆవరణలోని భవనాలు పారిశ్రామికవాడగా మారి ఇతర సంస్థలకు ఆశ్రయమిచ్చాయి. 1991లో మొదలైన ఆప్టిమాక్స్ అనే చిన్న కంపెనీ అంగారకుడిపైకి వెళ్లిన శకటాల కెమెరాలకు కటకాలు చేసే స్థాయికి ఎదిగింది. 2015లో అమెరికా ప్రభుత్వం ఫోటానిక్స్ తయారీ సంస్థకు న్యూయార్క్ రాష్ట్రాన్ని ఎంచుకున్నప్పుడు రోచెస్టర్ అందులో ముఖ్య కేంద్రమైంది.

గింజలేరే యంత్రాల రాజధాని

చైనాలోని హెఫే నగరం రైస్ మిల్లుల వారు ప్రత్యేకంగా గమనించదగినది. 1970లో ఒక ప్రముఖ విశ్వవిద్యాలయం బీజింగ్ నుంచి అక్కడికి తరలింది. అదే ఏడాది కాంతి పరిశోధన సంస్థ ఒకటి ఏర్పడింది. చుట్టూ వరి పండే అన్హుయ్ రాష్ట్రం. పరిశోధన ఒకవైపు, గింజను శుభ్రం చేయవలసిన అవసరం మరోవైపు కలిసి, రంగు ఏరే యంత్రాలు తయారుచేసే కంపెనీలు అక్కడ ఒకదాని పక్కన ఒకటి వెలిశాయి. పంట ఉన్నచోటనే పరికరమూ పుట్టగలదని హెఫే నిరూపించింది.

మన దేశంలో కాంతి పరికరాలకు పెట్టింది పేరు డెహ్రాడూన్. అక్కడ రక్షణ పరికరాల పరిశోధన సంస్థ, ఆప్టికల్ ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆ ఫ్యాక్టరీలను నడిపే ఇండియా ఆప్టెల్ సంస్థ 2021లో అక్కడే ఏర్పడింది. గింజలేరే యంత్రాలు కోయంబత్తూరులో తయారవుతున్నాయి. హైదరాబాద్‌లోని డీఆర్‌డీవో ప్రయోగశాల రూపొందించిన లేజర్ ఆయుధాన్ని 2025 ఏప్రిల్‌లో కర్నూలు వద్ద పరీక్షించి డ్రోన్‌ను కూల్చారు. కంది వద్ద ఐఐటీ, గచ్చిబౌలిలో కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇవన్నీ నిజామాబాద్ నుంచి ఒక పూట ప్రయాణ దూరంలోనివే.

ఒక్క నిట్టాడు మీద నిలిచిన ఇల్లు

1923-31 మధ్య మంజీరపై నిర్మించిన నిజాంసాగర్ నీరు చెరకును తెచ్చింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరొందిన ఆ ఫ్యాక్టరీ చుట్టూ కాలనీలు, రైలు మార్గం, బజారు, బడులు పెరిగాయి. చూడడానికి ఇదీ ఒక క్లస్టరే. కానీ వర్క్‌షాపు ఫ్యాక్టరీదే, ల్యాబు ఫ్యాక్టరీదే, డిస్టిలరీ ఫ్యాక్టరీదే. ఫిట్టర్, పాన్‌మన్, కెమిస్టు అందరూ ఆ ఒక్క గేటు లోపలి వారే. గేటు బయట, ఆ పనితనాన్ని పట్టుకుని ఇతర ఫ్యాక్టరీలకు కూడా పని చేసిపెట్టే సొంత సంస్థలు బలపడలేదు.

2002లో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థకు పోయింది. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించడంతో బోధన్‌తో పాటు ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లు కూడా ఆగిపోయాయి. చెరకు రైతు దూరపు ఫ్యాక్టరీలకు గడ తోలవలసి వచ్చింది, లేదా వరికి మళ్లవలసి వచ్చింది. కార్మికులు వేతన బకాయిల కోసం ఏళ్ల తరబడి ఆందోళనలు చేశారు. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన పునరుద్ధరణ కమిటీని నియమించింది.

పెద్ద సంస్థ పడిపోవడం రోచెస్టర్‌లోనూ జరిగింది, బోధన్‌లోనూ జరిగింది. అక్కడ సంస్థతో పాటు బడి, చిన్న షాపులు, ఉమ్మడి పరికరాలు ఉన్నాయి. ఇక్కడ ఇల్లంతా ఒక్క నిట్టాడు మీదే నిలిచింది. తేడా అంతా ఇందులోనే ఉంది.

మొదలుపెట్టదగిన పనులు

బోర్డు కట్టినంత మాత్రాన క్లస్టర్ పుట్టదు. జేనాలో వర్క్‌షాపుకు గాజు కార్ఖానా తోడవడానికే 38 ఏళ్లు పట్టింది. కటకాల తయారీ నిజామాబాద్‌కు ఇప్పుడే అందే పని కాదు. కానీ కాంతి పరికరాలను వాడేవారు ఇక్కడ ఎందరో ఉన్నారు. వాటిని బాగుచేయడం, సరిచూడడం, నడిపేవారికి నేర్పడం అనే పనితోనే ఉపవృత్తులు మొదలవుతాయి. సీజను నడుమ సార్టెక్స్ ఆగితే హమాలీల కూలీ, లారీ నిలిచిన బాడుగ మిల్లరు మీదే పడతాయి. ఊళ్లోనే తెలిసిన టెక్నీషియన్ ఉంటే ఆ నష్టం తగ్గుతుంది.

ఇందుకు కావలసిన సంస్థలు జిల్లాలో లేకపోలేదు. రుద్రూరులో చెరకు, వరి పరిశోధన స్థానం, ఆహార సాంకేతిక కళాశాల ఉన్నాయి. డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం, నిజామాబాద్‌లో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉన్నాయి. 2025లో జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం నిజామాబాద్‌లో ప్రారంభమైంది. చిన్న పరిశ్రమల క్లస్టర్లకు ఉమ్మడి సదుపాయ కేంద్రం నెలకొల్పేందుకు కేంద్ర ప్రభుత్వ పథకం ఉంది. పసుపు, బియ్యం, చెరకు రసం మూడింటినీ పరీక్షించే ఉమ్మడి ల్యాబు, దానికి అనుబంధంగా పరికరాల మరమ్మతు కోర్సు - ఈ రెండూ తొలి మెట్టు కాగలవు. రైతు తన పంట నాణ్యతను కొనుగోలుదారు మాట మీద కాక తానే పరీక్ష చేయించుకుని తెలుసుకునే వీలు కలుగుతుంది.

శక్కర్‌నగర్ పొగగొట్టం మళ్లీ పొగ వదలాలని కోరని వారు బోధన్‌లో లేరు. అది జరిగిన నాడు కూడా వర్క్‌షాపు, ల్యాబు, బడి ఫ్యాక్టరీ గోడ లోపలే ఉండిపోకుండా చూడవలసి ఉంది. గోడ బయట పెరిగిన పనితనమే గేటుకు తాళం పడినా ఊరిని నిలుపుతుంది.